ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌కి ఏ శాలరీ క్యాప్ పెట్టుకోవాలి?

ఫాంటసీ బేస్‌బాల్ అంటే నిజం ఆటగాళ్లను ఎంచుకుని కాగితం మీద టీమ్ కట్టుకోవడం, మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి గెలుపోటములు. పన్నెండు మంది కలిసి లీగ్ పెడతారు. మొదటి ఏడాది హుషారుగా సాగుతుంది. మూడో ఏడాదికొచ్చేసరికి పైన ఎప్పుడూ అవే రెండు మూడు టీములు, జులై దాటాక లైనప్ ముట్టుకోనివాళ్లు నలుగురు. అప్పుడెవరో ‘శాలరీ క్యాప్, అంటే టీమ్ మొత్తం జీతాలకి ఒక హద్దు పెడదాం’ అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. ఎలాంటి క్యాప్, ఎప్పుడు లెక్కేయాలి, దాటితే ఏం చేయాలి అన్నవి మాత్రం ఎవరూ తేల్చరు. మరుసటి ఏడాది కూడా అవే టీములు గెలుస్తాయి.

ఎందుకంటే క్యాప్ అంకె అందరికీ ఒకటే. 260 డాలర్లు పెట్టినా 400 పెట్టినా పన్నెండు మంది దగ్గరా అంతే డబ్బు. టీముల మధ్య తేడా వచ్చేది చవగ్గా చేతిలో ఉండిపోయిన ఆటగాళ్ల వల్ల. 3 డాలర్లకు కొన్న కుర్రాడు 30 డాలర్ల ఆట ఆడుతుంటే, ఆ ఓనర్ దగ్గర నిజానికి 287 డాలర్లున్నట్టు లెక్క. కాబట్టి ఏ పద్ధతి చూసినా మొదట అడగాల్సింది ఇదే: ఆ 27 డాలర్ల లాభం ఎన్నేళ్లు అతని దగ్గరే ఉండిపోతుంది?

కింద లెక్కలన్నీ 12 టీములు, టీముకి 23 మంది (14 బ్యాటర్లు, 9 పిచర్లు), 260 డాలర్లు అనే రోటిసెరీ (ఫాంటసీ బేస్‌బాల్ పాత పద్ధతి) ఆనవాయితీ ప్రకారమే. ఈ డాలర్లు ఆట డబ్బు, జేబులోంచి తీసేవి కావు.

## ముందు తేల్చుకోవాల్సినవి

అట్టడుగున ఉన్న టీమ్ మళ్లీ పోటీలోకి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? రెండేళ్లు దాటితే ఆ ఓనర్ లీగ్ వదిలేస్తాడు. వాడిపోయిన టీమ్‌ని తీసుకోవడానికి కొత్తవాళ్లు దొరకరు.

దీనికి ఎదురుగా ఉండేది ముందుచూపుకి దక్కే ఫలం. మైనర్ లీగ్ (ఎంఎల్‌బీ అనే మేజర్ లీగ్‌కి కింది మెట్టు) స్కోర్లు తిరగేసి 3 డాలర్లకు మంచి కుర్రాణ్ని పట్టినవాడికి ఏదో ఒకటి దక్కాలి. అదీ లేకపోతే అలా వెతికే పనే ఎవరూ పెట్టుకోరు. సమతూకం అంటూ దీన్ని పూర్తిగా చంపేసే లీగులున్నాయి. అవి చప్పగా తయారవుతాయి.

మూడోది, సీజన్ మధ్యలో ఖరీదైన ఆటగాళ్లు చేతులు మారే దారి. నాలుగోది కమిషనర్, అంటే లీగ్ నడిపేవాడి ఓపిక. చివరిదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు కానీ, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఆర్నెల్లు ప్రతి ట్రేడ్‌కీ (ఆటగాళ్ల మార్పిడికీ) జీతాలు కూడుకోవడమంటే చిన్న పని కాదు.

| పద్ధతి | అడుగు టీమ్ కోలుకునేది | ముందుచూపుకి ఫలం | కమిషనర్ పని | అసలు ఇబ్బంది |
|---|---|---|---|---|
| స్నేక్ డ్రాఫ్ట్, క్యాప్ లేదు | మరుసటి డ్రాఫ్ట్‌కే | ఆ ఒక్క ఏడాదికి | దాదాపు సున్నా | వరస అదృష్టం |
| ఏటా కొత్త వేలం | మరుసటి మార్చికే | ఆ ఒక్క ఏడాదికి | వేలం రోజు | కొత్తవాళ్లు తడబడతారు |
| కీపర్ వేలం (కొందరిని వచ్చే ఏడాదికి ఉంచుకుని) | 1–2 ఏళ్లు | బాగా | మధ్యస్థం | చవక కీపర్లు, డంప్ ట్రేడ్లు (స్టార్లను వదిలించుకునే బేరాలు) |
| ఏడాది పొడవునా గట్టి క్యాప్ | 2–3 ఏళ్లు | చాలా ఎక్కువ | ఎక్కువ | ఇరుక్కుపోయిన డబ్బు |
| మెత్తని క్యాప్, పన్ను | పన్ను దేనిలో కడతారన్నదాన్ని బట్టి | బాగా | ఎక్కువ | పన్నుకి లెక్కచేయనివాళ్లు |
| అసలు ఎంఎల్‌బీ జీతాలు | చెప్పలేం | వక్రంగా | చాలా ఎక్కువ | అందరూ కుర్రాళ్ల వెంటే |

## స్నేక్ డ్రాఫ్ట్

మొదటిసారి ఆడే లీగైతే ఇదే చాలు. వంతులవారీగా ఒక్కో ఆటగాణ్ని ఎంచుకుంటారు: ఒకటి నుంచి పన్నెండు, మళ్లీ పన్నెండు నుంచి ఒకటి. ఒక్క లోపం ఏమిటంటే, మొదటి వరస దక్కినవాడికి యాంకీస్ స్టార్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ లాంటివాడు అందుతాడు, పన్నెండో వాడికి ఆ అవకాశమే ఉండదు. ఆ లోపం వద్దనుకుంటేనే వేలానికి వెళ్లాలి.

## ఏటా కొత్త వేలం

సమతూకం ఒక్కటే కావాలంటే దీనికి మించింది లేదు. ప్రతి మార్చిలో అందరూ 260 డాలర్లతో మళ్లీ మొదలు. ఫాంటసీ లీగులు నడిపే ఈఎస్‌పీఎన్, యాహూ రెండింటిలోనూ ఈ వేలాన్ని ఇప్పుడు ‘శాలరీ క్యాప్ డ్రాఫ్ట్’ అంటున్నారు. పేరు చూసి వేరే ఏదో అనుకోకండి.

కొత్తవాళ్లు తప్పు చేసేది గరిష్ఠ పాట దగ్గర. మిగిలిన ఖాళీల్లో ఒకటి తీసేసి, ఒక్కోదానికి డాలర్ చొప్పున పక్కన పెట్టాలి. చేతిలో 41 డాలర్లు, ఖాళీలు 7 ఉంటే పాడగలిగేది 35 దాకానే. వేలం మొదట్లో అయితే 260లోంచి 22 పోగా 238. సాఫ్ట్‌వేర్ ఈ లెక్క చూసుకుంటుంది కానీ, మీ మనసులో లేకపోతే 36 దగ్గర మీట నొక్కి ‘ఎందుకు తీసుకోవట్లేదు’ అని కూర్చుంటారు.

రెండో తప్పు డబ్బు మిగుల్చుకోవడం. మొదటి గంటలో అన్నీ ఖరీదనిపించి చేతులు కట్టుకుంటారు. చివరికొచ్చేసరికి 30 డాలర్లు మిగులుతాయి, బల్ల మీద ఉన్నవాళ్లంతా డాలర్ ఆటగాళ్లే. మిగిలిన డబ్బుకి విలువ లేదు. 65–70 శాతం, అంటే సుమారు 170–180 డాలర్లు బ్యాటర్ల మీద, మిగతాది పిచర్ల మీద అన్న మోటు లెక్కతో మొదలుపెడితే ఈ గండం తప్పుతుంది.

276 మందిని పాడాలి. ఒక్కొక్కరికి నిమిషం అనుకున్నా నాలుగున్నర గంటలు. లీగ్‌లో సగం మంది న్యూజెర్సీలో, సగం మంది హైదరాబాద్‌లో ఉంటే శనివారం అక్కడి ఉదయం 9కి పెట్టుకోండి. మార్చి చివర్లో అది ఇక్కడ సాయంత్రం 6:30. అన్నాల వేళ దాటి 11 అవుతుంది, అయినా ఇంతకంటే మంచి సమయం ఇద్దరికీ దొరకదు. కాలిఫోర్నియా వాళ్లు మాత్రం పొద్దున్నే 6కి లేవాలి.

సీజన్ మధ్యలో ఖాళీగా ఉన్న ఆటగాళ్లను తీసుకోవడానికి ఫాబ్ అనే వేరే ఖాతా పెట్టండి, ఒక్కొక్కరికి 100 డాలర్లు. వారానికోసారి సీల్డ్ టెండర్ లాగా పాటలు వేస్తారు, ఎక్కువ వేసినవాడికి దక్కుతాడు. సున్నా డాలర్ల పాటను అనుమతించండి. మే నెలలోనే ఖాతా ఖాళీ చేసుకున్నవాడికి ఆ తర్వాత చేయడానికి పని ఉండాలి కదా.

## కీపర్ వేలం

ఎక్కువ లీగులు ఆగేది ఇక్కడే, చెడేదీ ఇక్కడే. ఇక్కడ కీపర్ అంటే వికెట్ల వెనక నిలబడేవాడు కాదు, వచ్చే ఏడాదికి ఉంచుకున్న ఆటగాడు. అతని పాత ధరకి కొంత కలిపి ఆ మొత్తాన్ని మీ 260లోంచి తీసేస్తారు. ఆ ‘కొంత’ ఎంతన్నదే మీ లీగ్ సమతూకాన్ని నిర్ణయిస్తుంది.

3 డాలర్లకు కొన్న ఆటగాడు, ఏటా 30 డాలర్ల విలువైన ఆట. అయిదేళ్లలో ఓనర్‌కి ఎంత లాభమో చూడండి:

| పెంపు పద్ధతి | ఏటేటా ధర | మొత్తం లాభం |
|---|---|---|
| ఏటా 20 శాతం (పైకి సర్ది) | 3, 4, 5, 6, 8 | 124 |
| ఏటా 2 డాలర్లు | 3, 5, 7, 9, 11 | 115 |
| ఏటా 5 డాలర్లు | 3, 8, 13, 18, 23 | 85 |
| ఏటా 5, మూడేళ్లే గడువు | 3, 8, 13, తర్వాత వేలానికి | 66 |
| ఏటా 10 డాలర్లు | 3, 13, 23, తర్వాత వదిలేస్తాడు | 51 |

శాతం లెక్క చూడ్డానికి న్యాయంగా ఉంటుంది, నిజానికి అన్నిటికంటే అన్యాయమైనది అదే. 40 డాలర్ల వాడి మీద ఒక్క ఏడాదిలో 8 డాలర్లు పెంచుతుంది, 3 డాలర్ల వాడి మీద ఒక్కటే. అంటే సమతూకాన్ని చెడగొట్టే చవక ఆటగాణ్ని వదిలేసి, ఎవరికీ అన్యాయం చేయని ఖరీదైన ఆటగాణ్ని శిక్షిస్తుంది. శాతం పద్ధతి మీ నియమావళిలో ఉంటే మొదట దాన్ని తీసేయండి.

మన ఐపీఎల్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు కొన్నది. 2025 మెగా వేలానికి ముందు ఉంచుకోవడానికి 6 కోట్లు పెట్టాల్సి వచ్చింది. అయిదుగురిని ఉంచుకునేసరికి 120 కోట్ల పర్స్‌లో 75 కోట్లు పోయి 45 మిగిలాయి. అక్కడ చవక అన్నది ఒక్క దెబ్బతో ఆవిరైపోతుంది. అదే ఏటా 20 శాతం పెంచే ఫాంటసీ లీగైతే అతను ఇంకా 29 లక్షల దగ్గరే ఉండేవాడు.

మా సలహా: ఏటా 5 డాలర్లు, మూడేళ్ల గడువు, టీముకి ఎక్కువలో ఎక్కువ 5 లేదా 6 కీపర్లు. 10 డాలర్ల పెంపు సమతూకానికి ఇంకా మంచిదే గానీ, కుర్రాళ్ల కోసం వెతికే సరదా పోతుంది.

కీపర్లున్న వేలంలో ధరలు పుస్తకంలో ఉన్నట్టు పలకవు. చవక ఆటగాళ్లు ముందే ఇళ్లకు చేరిపోతే, మిగిలిన కొద్దిమంది వెంట ఎక్కువ డబ్బు పడుతుంది. లెక్క ఇలా: పన్నెండు టీముల మొత్తం డబ్బు 3,120. కీపర్ల జీతాలు అన్నీ కలిపి 900, కానీ వాళ్ల నిజమైన విలువ 1,400 అనుకుందాం. వేలంలో మిగిలిన డబ్బు 2,220, మిగిలిన విలువ 1,720. భాగిస్తే 1.29. అంటే 30 డాలర్ల ఆటగాడు 39 దాకా, 40 వాడు 52 దాకా వెళ్తాడు. ఈ లెక్క వేసుకోని ఓనర్ ‘అందరూ పిచ్చిగా పాడుతున్నారు’ అనుకుంటూ గంటసేపు చూస్తూ కూర్చుంటాడు, చివర్లో డబ్బు మిగుల్చుకుంటాడు. కమిషనర్ వేలానికి వారం ముందు ఈ అంకెని అందరికీ పంపితే సగం గొడవలు తగ్గుతాయి.

ఇదే అంకె లీగ్ ఆరోగ్యానికి థర్మామీటర్ కూడా. 1.15 దగ్గరుంటే హాయి. 1.4 దాటిందంటే చవక సరుకు కొన్ని ఇళ్లలోనే పేరుకుపోయిందన్నమాట, పెంపు పెంచాల్సిన వేళయింది.

## ఏడాది పొడవునా గట్టి క్యాప్

దీనికి అందరికీ తెలిసిన నమూనా ఒట్టోన్యూ అనే ఫాంటసీ ఆట. 12 టీములు, టీముకి 40 మంది ఆటగాళ్లు, 400 డాలర్ల క్యాప్, ఏడాదంతా ఆటగాళ్లు మీవే. సీజన్ అయ్యాక మేజర్ లీగ్‌లో ఆడినవాళ్లకి 2 డాలర్లు, ఆడనివాళ్లకి 1 డాలర్ పెరుగుతుంది. ఎవరినైనా వదిలేస్తే జీతంలో సగం మీ క్యాప్ మీదే ఉండిపోతుంది. 35 డాలర్ల పిచర్‌ని వదిలితే 18 డాలర్లు గాలికి పోయినట్టే.

పైన పట్టికలో 2 డాలర్ల పెంపుని తప్పుపట్టి ఇప్పుడు దీన్ని మెచ్చుకోవడమేమిటని అడగొచ్చు. ఒట్టోన్యూలో ఆ 2 డాలర్లు ఒంటరిగా పనిచేయవు. సీజన్ తర్వాత ఆర్బిట్రేషన్ ఉంటుంది. ప్రతి ఓనర్ చేతికి 25 డాలర్లు ఇస్తారు, వాటిని మిగతా పదకొండు టీముల ఆటగాళ్ల జీతాలకు కలపాలి. ఏ టీమ్ మీదైనా కనీసం 1, ఎక్కువలో ఎక్కువ 8. ఆ 3 డాలర్ల కుర్రాడి మీద ఆరుగురు తలా 3 వేస్తే 18, మామూలు పెంపు 2 కలిపి ఒక్కసారిగా 23 అవుతాడు. ఎవరి దగ్గర చవక సరుకుందో పక్కవాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఫాంటసీ బేస్‌బాల్‌లో సమతూకం కోసం ఇంతకంటే తెలివైన ఏర్పాటు కనిపించదు.

ఇబ్బందీ ఉంది. తప్పులు ఇక్కడ వెంటాడతాయి. ఒక ఏడాది ఇద్దరు ముసలి స్టార్లకి 50, 45 పెట్టి, ఇద్దరూ గాయపడితే వాళ్లను మోయాలి, లేదంటే 48 డాలర్లు వదులుకోవాలి. నవంబర్‌లో కూడా కూర్చుని లెక్కలు వేసే మనుషులు పన్నెండు మందీ ఉంటేనే దీనికి వెళ్లండి. ఇద్దరు తక్కువైనా ఆ రెండు టీములూ మిగతావాళ్లకు దానం చేసే టీములవుతాయి.

## మెత్తని క్యాప్, పన్ను

నిజం బేస్‌బాల్‌లో జీతాలకు గట్టి క్యాప్ లేదు. 1994లో ఓనర్లు పెట్టాలని చూస్తే ఆటగాళ్లు ఆగస్టు 12న సమ్మెకు దిగారు, ఆ ఏడాది ఫైనల్ అయిన వరల్డ్ సిరీసే జరగలేదు. ఇప్పుడున్నది పన్ను. 2025లో హద్దు 24.1 కోట్ల డాలర్లు. దాటిన సొమ్ము మీద మొదటి ఏడాది 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. బాగా ఎక్కువ దాటితే పైన సర్‌చార్జీలు. డబ్బున్న క్లబ్బులకు ఇది పెద్ద అడ్డు కాలేదు. హద్దు దాటి ఖర్చుపెట్టిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2024, 2025 రెండేళ్లూ వరల్డ్ సిరీస్ గెలిచారు.

దీన్ని ఫాంటసీలోకి తెచ్చుకునేటప్పుడు పన్నుని నిజం డబ్బులో పెట్టొద్దు. జీతం ఎక్కువున్నవాడు నవ్వుతూ కట్టేస్తాడు, అది క్యాప్ అనిపించుకోదు. పైగా భారత్‌లో ఉండి ఆడేవాళ్లుంటే అసలు ఏ డబ్బూ పెట్టకండి. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది.

పన్ను వచ్చే ఏడాది వేలం డబ్బులోంచి పోవాలి. ఈ సెప్టెంబర్‌కి హద్దు 310 అనుకుంటే, 330కి చేరినవాడు మార్చిలో 260 బదులు 240తో కూర్చుంటాడు. కోతకి 25 డాలర్ల గరిష్ఠం పెట్టండి. లేకపోతే ఒకడు ఈ ఏడాది కప్పు కోసం వచ్చే ఏడాదిని మొత్తం తాకట్టు పెట్టి, కప్పు చేతికొచ్చాక లీగ్ వదిలేస్తాడు.

## అసలు జీతాలు

‘ఆటగాళ్లకి నిజంగా ఎంతిస్తున్నారో అదే జీతం’ అన్న ఆలోచన వినడానికి బాగుంటుంది, ఆడితే తేలిపోతుంది. మేజర్ లీగ్‌లో మొదటి మూడేళ్ల ఆటగాళ్లు దాదాపు కనీస జీతం మీదే ఉంటారు. 2025లో అది 7 లక్షల 60 వేల డాలర్లు. ఆ ఏడాది నేషనల్ లీగ్ సై యంగ్ (ఉత్తమ పిచర్ బహుమతి) గెలిచిన పాల్ స్కీన్స్ జీతం పది లక్షల లోపే, జడ్జ్ జీతం 4 కోట్లు. అందరూ స్కీన్స్ లాంటివాళ్ల కోసమే కొట్టుకుంటారు.

బ్యాటింగ్, పిచింగ్ రెండూ చేసే డాడ్జర్స్ స్టార్ ఒహ్తానీ దగ్గర ఇంకో చిక్కు. పదేళ్లకు 70 కోట్ల ఒప్పందం, అంటే ఏడాదికి 7 కోట్లు. ఇప్పుడు చేతికి వచ్చేది 20 లక్షలే, మిగతాది తర్వాత. లీగ్ పన్ను లెక్కలో సుమారు 4.6 కోట్లు. మూడింటిలో ఏది మీ క్యాప్‌కి ఎక్కుతుంది? ఈ చర్చే ఒక వారం తినేస్తుంది. సరదా లీగైతే ఒక ఏడాది ప్రయత్నించొచ్చు, అంతకుమించి వద్దు.

## ఏది ఎంచుకున్నా చిల్లులు పడే చోట్లు

డంప్ ట్రేడ్లు. జులైలో అడుగున ఉన్నవాడు 42, 38 డాలర్ల స్టార్లు ఇద్దరినీ మొదటి స్థానంలో ఉన్నవాడికి ఇచ్చి, 4 డాలర్ల కుర్రాణ్ని తీసుకుంటాడు. ఇద్దరికీ అది తెలివైన బేరమే. నష్టపోయేది రెండో స్థానంలో ఉన్నవాడు. వీటో ఓటింగ్‌తో దీన్ని ఆపాలని చూస్తే స్నేహాలు చెడతాయి. దానికి బదులు సీజన్ మధ్య క్యాప్ 310 అని పెట్టండి. 260 దగ్గర ఉన్న టీమ్ ఈ బేరంతో 336కి చేరుతుంది కాబట్టి ఇంకో ఖరీదైన ఆటగాణ్ని తిరిగివ్వక తప్పదు. బేరం దానంతటదే సరిపడుతుంది.

గాయాలు. సీజన్ మధ్య క్యాప్‌ని కూడా 260 దగ్గరే ఉంచే లీగులు ఏప్రిల్‌లోనే ఇరుక్కుంటాయి. 35 డాలర్ల పిచర్‌కి మోచేయి పోయి టామీ జాన్ సర్జరీ అయితే ఏడాదికి పైగా రాడు. అతని స్థానంలో డాలర్ పిచర్‌ని తెచ్చుకోవడానికి కూడా చోటుండదు. 60 రోజుల గాయాల జాబితాలో ఉన్నవాడి జీతం సగమే లెక్కించండి. 10, 15 రోజుల జాబితాకి పూర్తిగా లెక్కించండి, లేకపోతే అక్కడ దాచుకోవడం మొదలవుతుంది.

వచ్చే ఏడాది డబ్బు అమ్ముకోవడం. ట్రేడ్‌లో రేపటి వేలం డాలర్లు కలిపే వీలుంటే 10కి మించనివ్వకండి. లీగ్ వదిలేద్దామనుకున్నవాడు ఆగస్టులో మొత్తం అమ్మేసి పోతే, వారసుడికి 200 డాలర్ల టీమ్ మిగులుతుంది.

చేతులెత్తేయడం. కీపర్ లీగుల్లో కుర్రాళ్ల డ్రాఫ్ట్ మొదటి పిక్ ఆఖరి టీమ్‌కి ఇస్తే, సెప్టెంబర్‌లో కొందరు ఓడటానికి ఆడతారు. బహుమతి రాని టీముల్లో పైన ఉన్నవాడికి మొదటి పిక్ ఇవ్వండి. ఈ ఒక్క మార్పుతో చివరి నెల లైనప్‌లు మళ్లీ కదులుతాయి.

ఒహ్తానీ గురించి ఇంకొక్క మాట: యాహూలో అతను బ్యాటర్‌గా ఒకరు, పిచర్‌గా ఒకరు. కొన్ని చోట్ల ఒక్కడే. వేలానికి ముందే రాసిపెట్టుకోకపోతే ఒకే మనిషికి రెండు ధరలు పలుకుతాయి.

## ఎవరికి ఏది

ఆఫీసు మిత్రులు, సగం మందికి బేస్‌బాల్ కొత్త: మొదటి ఏడాది స్నేక్, రెండో ఏడాది నుంచి ఏటా కొత్త వేలం. కీపర్ల ఊసెత్తకండి.

మూడు నాలుగేళ్లుగా కలిసి ఆడుతున్న గుంపు, అందరూ ఆగస్టులో కూడా లైనప్ చూస్తారు: కీపర్ వేలం. 5 డాలర్ల పెంపు, మూడేళ్ల గడువు, మధ్య క్యాప్ 310. ఎక్కువ మందికి ఇదే నప్పుతుంది.

మైనర్ లీగ్ పేర్లు కూడా నోటికొచ్చే పన్నెండు మంది: ఒట్టోన్యూ తరహా గట్టి క్యాప్, ఆర్బిట్రేషన్‌తో సహా. ఆర్బిట్రేషన్ తీసేసి మిగతాది పెట్టుకుంటే మాత్రం మూడేళ్లలో రెండు టీముల రాజ్యమే. జీతాలు, ఒప్పందాలు తనంతట తానే చూసుకునే ఫాన్‌ట్రాక్స్ లాంటి వేదిక అయితే కమిషనర్ బతికిపోతాడు.

ట్రేడ్లంటే ప్రాణం పెట్టే గుంపు, గట్టి క్యాప్ ఊపిరాడనివ్వదు అనుకునేవాళ్లు: మెత్తని క్యాప్, పన్ను వచ్చే ఏడాది వేలం డబ్బులో.

ఇప్పటికే నడుస్తున్న కీపర్ లీగ్‌లో పెంపు మార్చాలంటే, కొత్త పెంపు వచ్చే వేలంలో కొన్నవాళ్ల నుంచే అని రాయండి. చేతిలో ఉన్న పాత ఆటగాళ్లకు పాత పెంపే, కానీ వాళ్లకూ ఇవాళ్టి నుంచి మూడేళ్ల గడువు. ఓటు అక్టోబర్‌లో పెట్టండి. మార్చిలో పెడితే ఎవరి కీపర్లు ఎవరో అందరికీ తెలిసిపోయి ఉంటుంది, ప్రతి ఒక్కరూ తన రోస్టర్ చూసుకునే చెయ్యెత్తుతారు.